గస్సాన్ హాజ్‌ను ఎక్కడ మొదలుపెట్టి చదవాలి, ఆయన సహనాన్ని ఎందుకు అనుమానిస్తారు

మెల్‌బోర్న్‌లో మాస్టర్స్ చదువుతూ, మానవశాస్త్రవేత్త గస్సాన్ హాజ్ ఆస్ట్రేలియా తెల్లవారి జాతీయవాదం మీద రాసిన 'వైట్ నేషన్' మొదలుపెట్టి మధ్యలో ఆపేశానని, ఆయన పుస్తకాలను ఏ వరుసలో చదవాలో చెప్పమని మీరు అడిగారు. దాంతోపాటు, వలస వచ్చినవారిని ద్వేషించేవారినీ వారిపట్ల సహనం చూపేవారినీ ఆయన ఒకే గాటన కట్టడం అన్యాయమనిపించిందని కూడా రాశారు. ఈ రెండో సందేహం తీరితే పుస్తకాల వరుస దానంతటదే తేలుతుంది కాబట్టి ముందు దాన్నే తీసుకుంటాను. ఈ పుస్తకాలను చాలాకాలం తరగతిలో బోధించిన అనుభవంతో ఒక మాట చెప్పగలను. విద్యార్థుల్లో ఎక్కువమంది ఆగిపోయేది సరిగ్గా మీరు ఆగిన చోటే. ద్వేషించేవాడూ సహించేవాడూ నైతికంగా సమానులని హాజ్ ఎక్కడా అనలేదు. ఇద్దరూ ఒకే పెద్దరికపు పీట మీద కూర్చుని తీర్పు చెబుతున్నారన్నది ఆయన వాదన.

హాజ్ 1957లో బేరూత్‌లో పుట్టారు. లెబనాన్ అంతర్యుద్ధం మొదలైన మరుసటి ఏడాది, అంటే 1976లో, సిడ్నీకి వచ్చారు. తల్లివైపు వారు అంతకు ఎన్నో ఏళ్ళ ముందే ఆస్ట్రేలియాకు వలస వచ్చి ఉన్నారు. చాలాకాలం సిడ్నీ విశ్వవిద్యాలయంలోనూ, 2008 నుంచి మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలోనూ మానవశాస్త్రం బోధించారు. ఫ్రెంచి సామాజికశాస్త్రవేత్త పియర్ బూర్ద్యూ ప్రభావం ఆయన మీద చాలా ఎక్కువ. బూర్ద్యూ 'పెట్టుబడి' అనే మాటను డబ్బుకే పరిమితం చేయకుండా చదువుకు, అభిరుచికి, పలుకుబడికి ఎలా విస్తరించారో కొంచెమైనా తెలియకపోతే 'వైట్ నేషన్' మూడో వంతు పుస్తకం చీకట్లో చదివినట్టే ఉంటుంది. మీరు ఆగిపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు.

ఆ పుస్తకం 1998లో వచ్చింది. దాని వెనుక ఉన్న చరిత్రను కాస్త గుర్తు చేసుకోవాలి. ఆస్ట్రేలియా సమాఖ్యగా ఏర్పడిన 1901లోనే, తెల్లవారు కానివారిని రానివ్వకుండా వలస నియంత్రణ చట్టం చేసుకుంది. అందులో రంగు అనే మాట కనిపించదు; 50 పదాల డిక్టేషన్ పరీక్ష ఉంటుంది. ఆ పరీక్ష ఏ ఐరోపా భాషలో పెట్టాలో అధికారి ఇష్టం కాబట్టి, ఎవరిని ఆపాలనుకుంటే వారికి రాని భాష ఎంచుకుంటే సరిపోయేది. 1934లో ఎగాన్ కిష్ అనే బహుభాషావేత్త, ఫాసిస్టు వ్యతిరేక రచయిత, వస్తే ఆయనకు స్కాటిష్ గేలిక్‌లో పరీక్ష పెట్టారు. అది చెల్లదని చివరికి హైకోర్టు కొట్టివేసింది. ఆ పరీక్ష 1958లో పోయింది, శ్వేత ఆస్ట్రేలియా విధానం 1973లో అధికారికంగా ముగిసింది, 1975లో జాతి వివక్ష నిషేధ చట్టం వచ్చింది, ఆ తరువాత బహుళ సంస్కృతి అన్నది ప్రభుత్వ విధానమైంది. ఇంత జరిగాక, 1996 సెప్టెంబరు 10న పాలీన్ హాన్సన్ అనే కొత్త సభ్యురాలు పార్లమెంటులో తొలి ప్రసంగం చేస్తూ, దేశం ఆసియావాసులతో మునిగిపోయే ప్రమాదంలో ఉందని అన్నారు. ఉదారవాదులైన తెల్లవారు ఉలిక్కిపడి, ఇది మన దేశపు అసలు స్వభావం కాదని చెప్పుకోవడం మొదలుపెట్టారు. హాజ్ ప్రశ్న వేసింది హాన్సన్‌ను కాదు, ఉలిక్కిపడినవారిని.

పుస్తకం మొదటి అధ్యాయంలో ఆయన ఒక చేతిని చూపిస్తారు. 1991 గల్ఫ్ యుద్ధ సమయంలో వీధుల్లో, దుకాణాల్లో ముస్లిం స్త్రీల తలగుడ్డలను అపరిచితులు లాగేసిన సంఘటనలు నమోదయ్యాయి. ముస్లింలంటే తక్కువ అభిప్రాయం ఉండటం ఒక సంగతి, ఒక స్త్రీ తల మీదికి చేయి చాపడం వేరే సంగతి అంటారు హాజ్. తక్కువ అభిప్రాయం ఉన్నవాడు ఇంట్లో కూర్చుని గొణుక్కుంటూ ఉండవచ్చు. చేయి చాపాలంటే, ఈ వీధి నాది, ఇందులో ఎవరు ఎలా కనిపించాలో చెప్పే హక్కు నాకుంది అన్న నమ్మకం ముందే ఉండి తీరాలి. అందుకే దాన్ని కేవలం జాతి వివక్ష అనకుండా, జాతీయవాద చర్య అని ఆయన పిలుస్తారు. 'వీళ్ళు ఎక్కువైపోయారు' అన్న వాక్యాన్ని కూడా ఇదే పద్ధతిలో విప్పుతారు. ఎక్కువ అనాలంటే ఎంతలో ఎక్కువ అన్న లెక్క కావాలి, ఆ హద్దు గీసిన మనిషి కావాలి. మనకు సంబంధం లేని దేశంలో ఎవరు ఎందరున్నా ఎక్కువైపోయారని మనకు అనిపించదు. అంటే ఆ వాక్యంలో వలస వచ్చినవారి గురించి కంటే, అంటున్నవాడు తనను తాను ఏమనుకుంటున్నాడో ఎక్కువగా ఉంటుంది. 2025 ఆగస్టు 31న ఆస్ట్రేలియా నగరాల్లో వలసలకు వ్యతిరేకంగా జరిగిన ఊరేగింపుల ప్రచారపత్రాల్లో భారతీయుల సంఖ్యను పేరుపెట్టి మరీ ప్రస్తావించినప్పుడు, మన పిల్లలు చాలామంది 'మేం పన్నులు కడుతున్నాం కదా' అని జవాబిచ్చారు. ఆ జవాబు నిజమే అయినా గురి తప్పింది. అక్కడ చర్చ పన్నుల మీద జరగలేదు. లెక్కపెట్టే అధికారం ఎవరిది అన్నదాని మీద జరిగింది.

ఇక్కడి నుంచి సహనానికి ఒక్క అడుగే. ఒక దేశానికి చెందడంలో హాజ్ రెండు రకాలు చూస్తారు. నేను ఇక్కడివాణ్ణి, ఇక్కడ నాకు చోటుంది అనుకోవడం ఒకటి. ఈ దేశం నాది, దీని మంచిచెడ్డలు చూసే పెత్తనం నాది అనుకోవడం రెండోది. పౌరసత్వ పత్రం చేతికి వచ్చినా మొదటిదే కష్టంగా దక్కుతుంది. రెండోది దాదాపు దక్కదు. ఈ పెత్తనం ఉన్నవాడు 'వాళ్ళను పంపించేయాలి' అనగలడు, 'పోనీ ఉండనిద్దాం' అని కూడా అనగలడు. సహించడానికి శక్తి కావాలి, ఆ శక్తి సహించకుండా ఉండగల వాడికే ఉంటుంది. మీ ఇంటి యజమాని మిమ్మల్ని సహిస్తున్నానని అనగలడు కానీ, అద్దెకున్న మీరు యజమానిని సహిస్తున్నానంటే అది హాస్యమే అవుతుంది. ఎంతవరకు సహించాలో హద్దు గీసేవాడూ ఆయనే, హద్దు జరిపేవాడూ ఆయనే. 'మనం చాలా సహించాం, ఇక చాలు' అన్న మాట సహనశీలుర నోటి నుంచి అంత తేలికగా రావడానికి కారణం అదే.

ఈ సంగతిని ఆయన ఒక పిల్లల బొమ్మల పుస్తకంతో నిరూపించే పేజీలు నాకు అన్నిటికన్నా ఇష్టం. బంగారు గనుల కాలంలో రకరకాల దేశాలవారు వచ్చి ఒకే కుండలో తలా ఒకటి వేసి కూర వండుకునే కథ అది. బహుళ సంస్కృతిని పిల్లలకు నేర్పడానికి సదుద్దేశంతో రాసిన పుస్తకం. హాజ్ బొమ్మలను ఒక్కొక్కటే నిదానంగా చూస్తూ పోతారు: వచ్చినవారు దినుసులు వేసి పక్కకు తప్పుకుంటారు, కుండ దగ్గర నిలబడి గరిటె తిప్పేది మాత్రం మొదటి నుంచి చివరిదాకా ఆంగ్ల మూలాల దంపతులే. ఏ దినుసు ఎంత పడాలో రుచి చూసి చెప్పేదీ వారే. వలస వచ్చినవారు కూరకు రుచి తెస్తారన్న పొగడ్తలో వారు కూర కోసమే ఉన్నారన్న అర్థం దాగి ఉంది. 'మీ వాళ్ళ వల్ల మా ఊరు ఎంత సందడిగా మారిందో' అని ఎవరైనా మెచ్చుకున్నప్పుడు సంతోషమూ ఇబ్బందీ రెండూ కలగడం మీకు అనుభవమే అయితే, ఈ అధ్యాయం మీ కోసమే రాసినట్టుంటుంది.

జాతీయ పెట్టుబడి గురించిన అధ్యాయాన్ని మన తెలుగువారు రెండుసార్లు చదవాలని నేను పట్టుబడతాను. 2021 జనగణన ప్రకారం ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు సుమారు 59 వేల మంది. హాజ్ లెక్కలో 'తెల్లదనం' చర్మపు రంగు ఒక్కటే కాదు. యాస, నడవడి, హాస్యం, తిండి, పేరు, ఆటల మీద ఆసక్తి ఇవన్నీ పోగుచేసుకోగల పెట్టుబడి. ఎవరు ఎంత పోగు చేసుకుంటే దేశంలో వారికి అంత చోటు. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. పుట్టుకతో ఉన్నవాడికి అది శ్రమ లేకుండా వచ్చినట్టు కనిపిస్తుంది; కష్టపడి సంపాదించినవాడి విషయంలో ఆ కష్టమే బయటికి కనిపించి దాని విలువను తగ్గిస్తుంది. యాస ఎంత దిద్దుకున్నా, దిద్దుకున్నట్టు తెలిసిపోతుంది. ఈ పోటీలో ముందు వచ్చినవారు తరువాత వచ్చినవారిని ఎలా చూస్తారో గమనించండి. పాతికేళ్ళ కిందట ఐటీ ఉద్యోగాలతో వచ్చి స్థిరపడిన కుటుంబాల పార్టీల్లో, ఇప్పుడు వచ్చే విద్యార్థుల గురించి 'వీళ్ళ వల్ల మన పేరు పాడవుతోంది' అన్న మాట నేను ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. రైల్లో గట్టిగా మాట్లాడతారని, ఒక ఇంట్లో ఎనిమిది మంది ఉంటారని, చదువు వంకతో వస్తారని ఫిర్యాదు. అనేవారు చెడ్డవారు కారు. తాము పోగుచేసుకున్న పెట్టుబడి కరిగిపోతుందేమోనన్న భయం వారిది. 2009లో మెల్‌బోర్న్‌లో భారతీయ విద్యార్థుల మీద వరుస దాడులు జరిగినప్పుడు, రైళ్ళలో సొంత భాషలో బిగ్గరగా మాట్లాడవద్దని, ఖరీదైన వస్తువులు బయటికి కనిపించనివ్వవద్దని విద్యార్థులకు సలహాలు అందాయి. ఆ సలహాను మన పెద్దలే మరింత గట్టిగా చెప్పడం వింతగా అనిపించవచ్చు; హాజ్‌ను చదివినవారికి అనిపించదు.

ఇక రెండో ముఖ్యమైన పుస్తకం, 2003లో వచ్చిన 'ఎగెనెస్ట్ పారనాయిడ్ నేషనలిజం'. 2001 ఆగస్టులో సముద్రంలో మునిగిపోతున్న 433 మంది శరణార్థులను కాపాడిన టాంపా అనే నార్వే ఓడను తీరానికి రానివ్వకుండా ఆస్ట్రేలియా ప్రభుత్వం అడ్డుకున్న రోజుల నీడ ఇందులో ఉంది. సమాజం చేసే పెద్ద పనుల్లో ఆశను పంచిపెట్టడం ఒకటని ఇక్కడ హాజ్ ప్రతిపాదన. రేపు ఇవాళ్టికన్నా కొంత మెరుగ్గా ఉంటుందన్న నమ్మకాన్ని ఉద్యోగం, వైద్యం, చదువు, ఇల్లు రూపంలో రాజ్యం పంచుతున్నంతకాలం జనం దేశాన్ని ప్రేమతో చూసుకుంటారు. ఆ పంపిణీ ఆగినప్పుడు చూసుకోవడం పోయి, కాపలా కాయడం మొదలవుతుంది. తనకే చాలని ఆశను కొత్తగా వచ్చినవాడు పంచుకుపోతాడన్న దిగులు పుడుతుంది. పైగా, వలస పాలకులు స్థాపించిన దేశం కాబట్టి, ఆదివాసుల నేలను లాక్కున్న సంగతి తేలకుండానే మిగిలింది. లాక్కున్నది ఎవరైనా తిరిగి లాక్కుంటారేమోనన్న భయం ఆ దిగులుకు తోడైంది.

ఈ పుస్తకం ముగింపులో అలీ అనే మనిషి కథ ఉంది. లెబనాన్ యుద్ధంలో దెబ్బతిని, మనసు కొంత చెదిరి, ఆస్ట్రేలియా చేరుకున్న కార్మికుడు. అతనికి ఇక్కడ అద్భుతంగా తోచింది పాదచారులు రోడ్డు దాటే చారల దారి. తను అడుగు పెట్టగానే కార్లు ఆగుతాయి. ఎవరో తెలియని మనిషి కోసం, ఏమీ ఆశించకుండా, అంత బరువైన వాహనాలు ఆగి నిలబడతాయి. నమ్మలేక అతను అటు దాటి, మళ్ళీ ఇటు దాటి, మళ్ళీ అటు దాటేవాడట. చట్టం చెప్పింది కాబట్టి ఆగడం అనేది డ్రైవరుకు మామూలు సంగతి. అలీకి మాత్రం అది సమాజం తనకు ఇచ్చిన గౌరవం, కానుక. హైదరాబాద్‌లో రోడ్డు దాటి పెరిగినవారికి ఈ కథ వివరించనక్కరలేదు. మనుషులకు ఒక దేశం తమదనిపించేది ఇలాంటి చోట్ల అని చెప్పి, అక్కడి నుంచి శరణార్థుల నిర్బంధ శిబిరాల దాకా హాజ్ ఒకే ఆలోచనను సాగదీసిన తీరు చూడండి.

వలస ఎందుకు వెళతారన్న విషయంలో ఆయన రాసింది మీ ప్రశ్నలో లేకపోయినా చెప్పడం అవసరం. డబ్బు కోసమే వెళతారన్నది సగం నిజం. ఉన్నచోట జీవితం కదలడం లేదని, తోటివారు ముందుకు పోతుంటే తాము నిలిచిపోయామని అనిపించినప్పుడు మనిషి ఊరు కదులుతాడు. జీవితం కదలడం కోసమే శరీరం కదులుతుంది. వెళ్ళిన చోట కూడా బతుకు నిలిచిపోయినట్టుంటే ఆ బాధ రెట్టింపు. ఇరుక్కుపోవడం గురించి రాసిన ప్రసిద్ధ వ్యాసంలో, 1997లో థ్రెడ్‌బో అనే మంచు విడిది ఊరిలో కొండచరియ విరిగిపడినప్పుడు శిథిలాల కింద 65 గంటలు బతికి బయటపడిన స్టువర్ట్ డైవర్ అనే వ్యక్తిని ఆయన ఉదాహరణగా తీసుకుంటారు. ఆ మనిషి వీరుడు కావడానికి కారణం ఏదో చేయడం కాదు, ఓర్చుకుని ఉండటం. ఇరుక్కున్నవాడు ఓర్చుకోవడమే గొప్పతనంగా చూసే కాలం వచ్చిందంటే, వ్యవస్థను ప్రశ్నించాల్సిన వేళ కూడా జనం వరుసలో నిలబడి ఎదురుచూస్తారన్నది ఆయన బెంగ. శాశ్వత నివాసానికి కనీసం 65 పాయింట్లు ఉంటే దరఖాస్తు పెట్టవచ్చని చెప్పి, పిలుపు మాత్రం ఎంతో ఎక్కువ పాయింట్లున్నవారికే వస్తుంటే, పాయింట్ల కోసం ఇంగ్లీషు పరీక్ష మళ్ళీ మళ్ళీ రాస్తూ, ప్రాంతీయ పట్టణాలకు మారుతూ ఏళ్ళు గడిపే మన పిల్లలకు ఈ వ్యాసం తాత్విక చర్చలా అనిపించదు.

'ది డయాస్పోరిక్ కండిషన్' 2021లో వచ్చింది. ఉత్తర లెబనాన్‌లోని ఒక ఊరి నుంచి ప్రపంచమంతా చెదిరిపోయిన కుటుంబాలను ఏళ్ళ తరబడి వెంటాడి రాసినది. చాలా దేశాల్లో క్షేత్ర పరిశోధన చేయాలన్న ఫ్యాషన్‌ను ముందు తానూ పాటించి, ఆ తిరుగుడు శరీరానికే సాధ్యం కాదని గ్రహించి, చెదిరిన కుటుంబం మొత్తాన్ని ఒకే క్షేత్రంగా చూడాలని నిర్ణయించుకున్నారు. ఇందులోని ప్రధానమైన పోలిక, పక్కకు వంచితే బొమ్మ మారే కార్డు. వలస వచ్చిన మనిషి ఇక్కడా అక్కడా సగం సగం ఉండడు. రెండు లోకాలూ ఒకే ఉపరితలం మీద ముద్రపడి ఉంటాయి, మెడ కాస్త తిప్పితే ఒకటి పోయి మరొకటి వస్తుంది. ఇంకొక గట్టి వాదన కూడా ఉంది. 19వ శతాబ్దంలో పట్టు పరిశ్రమ ద్వారా లెబనాన్ కొండ ప్రాంతం ప్రపంచ మార్కెట్‌తో ముడిపడినప్పుడే, ఇంకా ఊరు దాటనివారు కూడా తమ బతుకును వేరే చోటి బతుకుతో పోల్చుకోవడం మొదలుపెట్టారు, కాబట్టి వలస స్థితి విమానం ఎక్కకముందే మొదలవుతుందని ఆయన అంటారు. ఇంటర్‌లో ఉండగానే అమెరికా సంబంధాలు, ఆస్ట్రేలియా ఫీజులు పోల్చి చూసే కుటుంబాలున్న గుంటూరు, కరీంనగర్ జిల్లాలను చూసినవారు దీన్ని కాదనలేరు.

తిండి గురించి రాసిన వ్యాసం చిన్నది, కానీ పదునైనది. సిడ్నీ నగర మధ్యంలో రకరకాల వంటకాలు రుచి చూసి తాము విశ్వమానవులమని మురిసిపోయేవారి సంస్కృతిని ఆయన వలసదారులు లేని బహుళ సంస్కృతి అని ఎత్తిపొడుస్తారు. పశ్చిమ సిడ్నీలో వలస కుటుంబాలు ఇల్లు అల్లుకోవడానికి వండుకునే తిండిలో మాత్రం అసలైన ఇచ్చిపుచ్చుకోవడం జరిగిందంటారు. హారిస్ పార్క్‌కు వెళ్ళి చూడండి. మారొనైట్ క్రైస్తవుల పెద్ద చర్చి అవర్ లేడీ ఆఫ్ లెబనాన్ అక్కడే ఉంది. నడిచి వెళ్ళే దూరంలో విగ్రమ్ స్ట్రీట్ నిండా మన దోసెలు, బిర్యానీలు. ఒక వలస పక్కనే మరొక వలస వచ్చి చేరిన ఆ వీధులు హాజ్ వ్యాసానికి మంచి అనుబంధం.

ఆయనతో నాకు పేచీలు లేకపోలేదు. 'వైట్ నేషన్'లో ఆదివాసుల ప్రస్తావన ఉండవలసినంత లేదు. వలసదారుకూ తెల్లవాడికీ మధ్య పెత్తనం తగువులా కథ నడుస్తుంది, నేల ఎవరిది అన్న మాట తరువాతి పుస్తకాల్లో గానీ బలంగా రాదు. ఫ్రెంచి మనోవిశ్లేషకుడు జాక్ లకాన్ సిద్ధాంతాల మీద ఆధారపడిన పేజీలు వాదనకు పెద్దగా ఏమీ చేర్చవని నా అభిప్రాయం. అన్నిటికన్నా ముఖ్యంగా, మనం చదివేటప్పుడు ఆయన లెక్కలో లేని కులాన్ని మనమే కలుపుకోవాలి. బయట ఒక కొలబద్ద ముందు తక్కువైన తెలుగువాడు, తెలుగువారి మధ్యకు రాగానే వేరే కొలబద్ద తీసి పక్కవాణ్ణి కొలుస్తాడు. ఎవరి ఇంట్లో ఎవరు భోజనానికి కూర్చుంటారు, పెళ్ళి ప్రస్తావన ఎక్కడ ఆగుతుంది అన్నవి మెల్‌బోర్న్‌లోనూ నడుస్తున్న లెక్కలే. ఈ రెండు పెత్తనాలూ ఒకదానికొకటి ఎలా ఆసరా అవుతాయో హాజ్ పనిముట్లతో రాయవచ్చు. మీ పరిశోధనకు అంశం వెతుక్కుంటున్నట్లయితే ఇది చూడండి. 2017 నాటి 'ఈజ్ రేసిజం ఏన్ ఎన్విరాన్‌మెంటల్ థ్రెట్?' చిన్న పుస్తకం; మనుషుల్నీ ప్రకృతినీ లొంగదీసుకునే అలవాటు ఒకటే అన్న వాదన ఆకర్షణీయమే అయినా నిరూపణ పలుచన, దాన్ని చివరికి వదిలేయవచ్చు. గాజా యుద్ధంపై సామాజిక మాధ్యమాల్లో ఆయన పెట్టిన రాతల కారణంగా 2024 ఫిబ్రవరిలో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ పరిశోధన సంస్థ ఆయనతో సంబంధం తెంచుకున్న వివాదం కూడా మీకు ఎదురవుతుంది. దాని మీద ఏ అభిప్రాయమైనా ఉండనివ్వండి, పాతికేళ్ళ కిందటి పుస్తకాన్ని ఆ వివాదం కళ్ళద్దాలతో చదవకండి.

వరుస ఇలా పెట్టుకోండి. ముందు తిండి మీద వ్యాసం, వెంటనే అలీ కథ ఉన్న ముగింపు అధ్యాయం; రెండూ ఒక సాయంత్రం పని. తరువాత ఇరుక్కుపోవడం మీద వ్యాసం. అప్పుడు 'వైట్ నేషన్' తీసి మొదటి మూడు నాలుగు అధ్యాయాలు, పిల్లల పుస్తకం మీది అధ్యాయం చదవండి. మధ్యలో బూర్ద్యూ గురించి ఏదైనా చిన్న పరిచయం దగ్గర పెట్టుకోండి. 'ది డయాస్పోరిక్ కండిషన్'ను సెమిస్టర్ సెలవులకు ఉంచుకోండి, వీలైతే ఇంటికి వెళ్ళే విమానంలో కాకుండా వచ్చిన రెండు వారాల తరువాత. సహనం మీద అధ్యాయం అయ్యాక కూడా అన్యాయమనే అనిపిస్తే, ఏ వాక్యం దగ్గర అనిపించిందో పేజీ సంఖ్యతో రాయండి, అక్కడి నుంచి మాట్లాడుకుందాం.